నల్లదుమ్ము పడే ఊళ్లో ఉబ్బసం ఉన్న పిల్లాణ్ణి చూసుకోవడం ఎలా

మాది విశాఖపట్నం వన్‌టౌన్. పోర్టుకి దగ్గర. పొద్దున్నే మేడ పిట్టగోడ మీద చెయ్యి పెట్టి తీస్తే అరచేతికి కాటుక అంటుకున్నట్టు ఉంటుంది. మా చిన్నోడికి పదకొండేళ్లు, ఆరో ఏట నుంచి ఉబ్బసం. ఈ అయిదేళ్లలో డాక్టరుగారు నేర్పినవి, నేను తప్పుగా చేసి తర్వాత మార్చుకున్నవి రాస్తున్నాను. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

కంటికి కనిపించే ఆ నల్లదుమ్ము కంటే కనిపించనిదే ఎక్కువ చేటు. లావుపాటి దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగి, తుమ్ముతోనో కళ్లెతోనో బయటికొచ్చేస్తుంది. పీఎం 2.5 అనే సన్నకణాలు వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల దాకా పోతాయి, అక్కణ్ణుంచి కొన్ని రక్తంలోకి కూడా దిగుతాయి. అందుకే చెడ్డగాలి దగ్గుతో ఆగదు, గుండెపోటుకీ పక్షవాతానికీ కూడా కారణమవుతుంది. మా వాడి శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి కాబట్టి వాడికి వెంటనే తెలుస్తుంది. మనకి ఆలస్యంగా తెలుస్తుంది.

రోజూ గాలి ఎలా ఉందో చూసుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల ‘సమీర్’ యాప్‌లో మన ఊరి ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, వస్తుంది. 101 నుంచి 200 మధ్య ఉంటే ‘మోడరేట్’ అని చూపిస్తుంది. ఆ మాట చూసి నేను చాన్నాళ్లు పర్లేదులే అనుకున్నాను. ఆ వర్గానికి వాళ్లు రాసిన వివరణ చదివితే, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకీ పిల్లలకీ ముసలివాళ్లకీ ఊపిరి ఇబ్బంది కావచ్చని స్పష్టంగా ఉంది. మా ఇంట్లో 100 దాటితే జాగ్రత్త మొదలు. ఇంకో సంగతి, పీఎం 2.5కి ఆ అంకె 24 గంటల సగటు మీద కడతారు. ఇప్పుడు, ఈ గంటలో గాలి ఎలా ఉందో అందులో పూర్తిగా తెలియదు. నేనైతే మేడెక్కి డాల్ఫిన్ నోస్ కొండ వైపు కూడా చూస్తాను. ఎండ వచ్చాక కూడా కొండ మసకగా ఉంటే వాణ్ణి ఆటకి పంపను.

చలికాలంలో టైం మార్చండి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చల్లగాలి నేల దగ్గరే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. మన ఊరు కొండల మధ్య ఉంది కాబట్టి పొగ ఎటూ పోలేదు. పొద్దున్నే గాలి స్వచ్ఛంగా ఉంటుందని నమ్మి వాణ్ణి అయిదున్నరకి క్రికెట్ కోచింగ్‌కి పంపించాను. పరుగెత్తేటప్పుడు నోటితో పీలుస్తారు, గాలి మామూలు కంటే ఎన్నో రెట్లు లోపలికి పోతుంది. పది రోజుల్లో రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి, సముద్రం గాలి తగిలే వేళకి పంపుతున్నాను.

ఇంట్లో పొడి చీపురు వద్దు. కొండచీపురుతో ఊడిస్తే గచ్చు శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ లేచిన దుమ్ము ముక్కు ఎత్తున తేలుతూనే ఉంటుంది. పిల్లాణ్ణి ఇంకో గదిలో కూర్చోబెట్టి తడిగుడ్డతో తుడవండి. మొదటి బకెట్టు నీళ్లు నల్లగా వస్తాయి. రెండోది బూడిద రంగుకి వచ్చేదాకా వదలకండి. కిటికీ ఊచలు, ఫ్యాన్ రెక్కలు కూడా తడిగుడ్డతోనే. పోర్టు వైపు నుంచి గాలి కొడుతున్నప్పుడు ఆ వైపు కిటికీలు మూసి, గాలి మారాక తెరవండి. రోజంతా మూసి ఉంచితే వంటింటి పొగ లోపలే తిరుగుతుంది.

దోమల కాయిల్ మానేయండి. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నకణాలు 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. దోమతెర కట్టుకుంటే సరిపోతుంది. అగరుబత్తుల సంగతి కొంచెం సున్నితం. మా అత్తయ్యగారికి పూజలో ధూపం లేకపోతే వెలితిగా ఉంటుంది. వాడు స్కూలుకి వెళ్లాక, కిటికీ తీసి వెలిగిస్తున్నారు. ఎండుమిర్చి పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటింటి తలుపు దగ్గరకి వేయండి.

బయటికి తప్పనిసరైతే ఎన్95 మాస్కు. గుడ్డ మాస్కు సన్నకణాల్ని సరిగా ఆపదు. ముక్కు మీది తీగ గట్టిగా నొక్కాక కూడా కళ్లద్దాల మీద ఆవిరి పడుతుంటే గాలి పక్క నుంచి పోతున్నట్టే, మళ్లీ సరిచేయండి. ఆయాసం వచ్చి ఉన్నప్పుడు మాత్రం మాస్కు పెట్టకండి.

ఇన్‌హేలర్ గురించి కాస్త నిదానంగా చదవండి. మాకు మొదటిసారి మందులషాపులో పెట్టె చేతిలో పెట్టారంతే, ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు మందంతా వాడి నాలుక మీదే పడింది. మూత తీసి బాగా ఊపండి. స్పేసర్‌కి, అంటే మందు నోట్లోకి నెమ్మదిగా వెళ్లేలా మధ్యలో పెట్టే ప్లాస్టిక్ గొట్టానికి, తగిలించండి. పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి లోపలి గాలంతా వదలమనండి. స్పేసర్ మూతి చుట్టూ పెదాలు గట్టిగా మూశాక ఇన్‌హేలర్‌ని ఒక్కసారే నొక్కండి. నెమ్మదిగా, పాయసం వాసన చూసినంత నిదానంగా లోపలికి లాగి, పది లెక్కపెట్టేదాకా ఆపాలి. రెండో పఫ్‌కి అర నిమిషమైనా ఆగి మళ్లీ ఊపండి. రోజూ వాడే స్టెరాయిడ్ పంపు (ఇన్‌హేలర్) తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి దానంతట అదే ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే స్టాటిక్ కరెంటు వచ్చి మందు గోడలకి అంటుకుపోతుంది. బాగానే ఉన్నాడు కదా అని రోజువారీ పంపు మీకు మీరే ఆపేయకండి. చలికాలంలో ఆ తప్పు అస్సలు చేయొద్దు.

పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనండి, ఊపిరి ఎంత జోరుగా వదలగలడో అంకెలో చూపించే చిన్న గొట్టం అది. నిలబడి మూడుసార్లు గట్టిగా ఊదించి, ఎక్కువ వచ్చిన అంకె నోట్‌బుక్కులో రాయండి. మా వాడు బాగున్న రోజుల్లో 250 ఊదుతాడు. 200 కంటే, అంటే 80 శాతం కంటే తగ్గితే ఆట బంద్, డాక్టరు రాసిచ్చిన ప్లాన్ మొదలు. 125 కంటే, అంటే సగం కంటే తగ్గినా, మాట మధ్యలో ఊపిరికి ఆగుతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

భోగి ముందురోజే మా వీధి పిల్లల దగ్గరికి వెళ్లి, మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దని అడిగాను. పాత కర్రలు, పిడకలు మాత్రమే వేశారు. అయినా పొగ పొగే కదా, వాణ్ణి వెనక గదిలో పడుకోబెట్టాను. ఏడింటికి ఊదితే 190. పంపు ఇచ్చి, టిఫిన్ పెట్టి, తొమ్మిదిన్నరకి మళ్లీ ఊదిస్తే 225. అప్పుడు గాలిపటం చేతికిచ్చి మేడ మీదికి పంపాను.