పెద్ద గుమ్మడి విత్తు నాటే ముందు

- డాబా మీద వద్దండి. 2023లో కాలిఫోర్నియా పోటీలో ఒక్క కాయ 1,247 కిలోలు తూగింది. మన బెంగళూరు పెరట్లో అందులో ఇరవయ్యో వంతు కాసినా గొప్పే, కానీ దానికి కావలసిన తడిమట్టి బరువుతో కలిపితే శ్లాబుకు టెన్షనే. నేలలో, తీగ పాకేందుకు ఇరవై అడుగుల చోటు ఉందా?

- విత్తనం అట్లాంటిక్ జెయింట్ రకమే కావాలి. కూరగుమ్మడి గింజ నాటితే కాయ అంత పెరగదు.

- గుంటలో మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి.

- వేసవిలో నీళ్ల ట్యాంకర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

- మొదట మగపూలే వస్తాయి, కంగారొద్దు. ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటుంది. అది విచ్చిన రోజు ఎండెక్కకముందే మగపువ్వు రేకులు తుంచి పుప్పొడి అద్దాలి. తేనెటీగలు కరవైన వీధుల్లో ఈ పని మనదే.

- తీగకు ఒక్క పిందే. మిగతావి తుంచడానికి మనసొప్పదు. మావి పులుసులోకి పోయాయి!

- కాయ కింద ఇసుక, పైన నీడవల.