పిల్లల తిండి, ఆట, బరువు: మనవడి కోసం మా ఇంట్లో ఏమేం మార్చామంటే

ముప్పై ఏళ్లకు పైగా పరకాల దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేశాను. నెలనెలా పిల్లలను తూకం వేసి చార్టు మీద చుక్క పెట్టేదాన్ని. చుక్క ఆకుపచ్చ పట్టీలో పడితే సంతోషం, పసుపులోకి జారితే తల్లిని పిలిపించి మాట్లాడేదాన్ని. కిందికి జారే చుక్కల మీదే నా కన్నుండేది. పైకి పోతున్న చుక్క చూసి ఏ తల్లినీ పిలిపించిన గుర్తు లేదు. రిటైరై హనుమకొండలో కొడుకు దగ్గరికి వచ్చాక మా మనవడి చుక్కే అట్లా పైకి పోయింది.

నాలుగేళ్లు నిండేనాటికి వాడి ఎత్తు 103 సెంటీమీటర్లు, బరువు 20 కిలోలు. ఆ ఎత్తున్న పిల్లలు మామూలుగా 16, 17 కిలోలుంటారు. రెండేళ్లు దాటాక పిల్లలు ఏడాదికి సుమారు 2 కిలోలు పెరుగుతారు. మావాడు ఒక్క ఏడాదిలో నాలుగున్నర కిలోలు పెరిగాడు. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి పగలంతా వాడు నా దగ్గరే. వాడు తిన్నదాంట్లో ఎక్కువ భాగం నా చేతి మీదుగా పోయిందే. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను, ఇంకో ఇంట్లో ముందే జాగ్రత్త పడతారని.

మా ఒక్క ఇంటి సంగతి కూడా కాదిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16లో నూటికి 2.1 మంది, 2019-21లో 3.4 మంది.

పిల్లల డాక్టర్ మొదట చెప్పిన మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. "వీడి కడుపు మాడ్చకండి. బరువు తగ్గాల్సిన పని లేదు, ఉన్నకాడ ఆగితే చాలు. ఎత్తు పెరుగుతాడు, సర్దుకుంటుంది. ఇంట్లో ఏం జరుగుతుందో చూసుకోండి" అన్నారు. కాబట్టి మీరు కూడా ముందు కొలిపించండి. బుగ్గలు చూసి బొద్దుగా ఉన్నాడనో, బక్కగైపోయిందనో అనుకోవద్దు, అది కంటికి తెలియదు. అంగన్‌వాడీలో తూకం, ఎత్తు కొలిచే పట్టీ రెండూ ఉంటాయి. వయసుకు తగ్గ బరువు ఒక్కటే చూడకుండా ఎత్తుకు తగ్గ బరువు ఎంతో అడగండి. ఇంట్లో తలుపు పక్కన గోడ మీద పెన్సిల్‌తో ఎత్తు గీసి పక్కన తేదీ రాయండి. మూడు నెలలకోసారి చాలు. రోజూ తూకం ఎక్కిస్తే పెద్దవాళ్లకు టెన్షన్, పిల్లలకు భయం.

ఇక ఇల్లు. నేను ఒక కాగితం పట్టుకుని వంటింటి నుంచి హాలు దాకా మనవడంత ఎత్తుకు వంగి చూసుకుంటూ పోయాను. మీరూ తప్పకుండా ఇట్లా చూడండి, నిలబడి చూస్తే కనబడనివి కనబడతాయి. టీవీ బల్ల కింది అరలో బిస్కెట్ల డబ్బా, వాడి చేతికి సరిగ్గా అందేటట్టు. ఫ్రిజ్ తలుపుకు మామిడి రసం సీసా. డైనింగ్ టేబుల్ మీద కారప్పూస కవరు, మూతికి రబ్బరు బ్యాండు. పండ్లేమో ఫ్రిజ్ అడుగున కవర్లో, ఎవరికీ కనబడకుండా. అన్నీ నేనూ కొడుకూ కొని పెట్టినవే, వాడు చేతికందింది తిన్నాడు.

మొదట బిస్కెట్ల డబ్బాను సజ్జ మీదికెక్కించాను. అది తప్పు. వాడికి డబ్బా ఎక్కడుందో తెలుసు, రోజంతా పైకి చూసి ఏడ్చాడు. ఇంట్లో పెట్టి ఇయ్యకపోతే ఆశ ఇంకా పెరుగుతుంది. అందుకని కొనడమే మానేశాం. పెళ్లిలోనో, ఎవరి పుట్టినరోజునో తింటే తిననీయండి, అక్కడ మాత్రం వద్దనకండి. ఇంటి సామాను చీటీలో ఆ పేర్లు లేకపోతే సగం గొడవ ఉండదు. ఇప్పుడు వాడి ఎత్తుకు బల్ల మీద ఒక పళ్లెం ఉంటుంది: జామకాయ ముక్కలు, అరటిపండు, కాలాన్నిబట్టి సీతాఫలమో, ఉడికిన కందగడ్డో. సాయంత్రం బొబ్బెర గుడాలు, ఉడకబెట్టిన మక్క కంకి, కోడిగుడ్డు. ఒక్క జాగ్రత్త: ఐదేళ్లలోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు గింజలుగా, ద్రాక్షపండ్లు నిండుగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పల్లీలు పొడి చేసి పెట్టండి, ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు కోయండి.

పాల సంగతి విడిగా చెప్పాలి. మావాడు రోజుకు నాలుగు గ్లాసులు తాగేవాడు. ప్రతి గ్లాసులో ఒక చెంచా చక్కెర, పైన రెండు చెంచాల చాక్లెట్ పొడి. పాలు తాగితే బలమని నా నమ్మకం. లెక్క వేస్తే ఒళ్లు జలదరించింది. చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. రోజు మొత్తం శక్తిలో విడిగా కలిపిన చక్కెర, రసాల్లోని చక్కెర (పండ్లు, పాలల్లో సహజంగా ఉండేది కాదు) వాటా పదో వంతుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాలుగేళ్ల పిల్లాడికి అది సుమారు 30 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. పాలల్లో వేసినవే నాలుగు చెంచాలు, పొడిలో ఉన్నది, పైన రసం, బిస్కెట్లు. రెండేళ్లలోపు పిల్లలకైతే చక్కెర కలపనే వద్దు. పైగా పాలతో కడుపు నిండితే అన్నం, కూర, పప్పు దిగవు, దాంతో రక్తం తక్కువవుతుంది. ఇప్పుడు రోజుకు రెండు గ్లాసులు, ఉత్త పాలు. చక్కెర ఒకేసారి మానిపిస్తే తాగలేదు. వారానికి పావు చెంచా తగ్గిస్తూ పోయాను, నెల దాటేసరికి అలవాటైంది. దాహమేస్తే నీళ్లే, వాడి చేతికందే చోట చిన్న స్టీలు చెంబులో.

అన్నిటికన్నా కష్టమైంది తినిపించే పద్ధతి మార్చడం. మన ఇళ్లల్లో "ఇంకొక్క బుక్క తిను బిడ్డా" అనకుండా బువ్వ పెట్టే నానమ్మ ఉండదు. నేను గిన్నె పట్టుకుని కారిడార్ అంతా వాడి వెంట తిరిగేదాన్ని. తిరగలేని రోజు ఫోన్ చేతిలో పెట్టి నోట్లో పెట్టేదాన్ని. బొమ్మలు చూస్తూ ఎంత పెట్టినా మింగేవాడు.

ఇది ఎక్కడ మొదలవుతుందో అంగన్‌వాడీలో వందల ఇళ్లల్లో చూశాను. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది, పది కిలోలవుతుంది. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆకలీ తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. కానీ సరిగ్గా అప్పుడే ఇంట్లో భయం పట్టుకుంటుంది, "ఏం తింటలేడు" అని. అక్కణ్నుంచి వెంటపడటం, ఫోన్ చూపించడం. కడుపు నిండిందని చెప్పే తెలివి బిడ్డకు పుట్టుకతోనే ఉంటుంది. మనం రోజుకు మూడుసార్లు దాన్ని కాదంటూ పోతే ఆ తెలివి మొద్దుబారుతుంది.

మేం ఏం చేశామంటే, ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దవాళ్ల పనిగా పెట్టుకున్నాం. ఎంత తినాలన్నది వాడిష్టం. మూడు పూటలు తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఒకదానికీ ఒకదానికీ రెండు మూడు గంటల ఎడం. చిన్న స్టీలు పళ్లెం కొన్నాం. ముందు కొంచెమే పెడతాం, అడిగితే మళ్లీ పెడతాం. అందరం కింద చాప మీద కూర్చుంటాం, టీవీ బంద్, ఫోన్లు లోపలి గదిలో. చాలన్నాక చాలు. మొదటి వారం మూడు పూటలు సగం వదిలేసి లేచాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ ఆగాను. పిల్లలు ఒక పూట పిట్టంత తింటారు, ఇంకో పూట పెద్దమనిషంత తింటారు. రెండు మూడు రోజులు కలిపి చూసుకోండి.

కూరగాయలకు ఓపిక కావాలి. కొత్త కూర పిల్లలకు నచ్చాలంటే పది, పదిహేను సార్లు కంటికి, నాలుకకు తగలాలి. సొరకాయ మావాడు ఎనిమిదిసార్లు పక్కకు నెట్టాడు. నేను ఏమీ అనకుండా ప్రతిసారీ ఒక చెంచా పెట్టాను. తొమ్మిదోసారి వాళ్ల తాత పళ్లెంలోంచి తీసుకుని తిన్నాడు. అంతకుముందు మా ఆయన సొరకాయ చూస్తే మొహం తిప్పేవారు. వాడి ముందు తినమని బతిమాలి ఒప్పించాను. పెద్దలు తినని కూర పిల్లలకు పెట్టడం వృథా. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అని కూడా అనొద్దు, చాక్లెట్ గొప్పదైపోతుంది, కూర శిక్షయిపోతుంది.

ఆట సంగతికొస్తే, మాది నయీంనగర్‌లో రెండో అంతస్తు. హాల్లో సోఫా, టీపాయ్, దీవాన్ పోగా పిల్లాడు పరుగెత్తడానికి జాగానే లేదు. టీపాయ్ తీసేశాం, దీవాన్ గోడకు జరిపాం. నేల మీద చాక్‌పీస్‌తో తొక్కుడుబిళ్ల గీశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 180 నిమిషాలు ఒళ్లు కదలాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత ఆట ఉండాలి. మూడు గంటలంటే భయపడొద్దు, ఇదంతా ఒకేసారి కాదు. మెట్లెక్కడం, బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు అందించడం, కిరాణం దుకాణానికి నడిచిపోయి చిన్న సంచి మోసుకురావడం కూడా లెక్కలోకే వస్తాయి. ఎండాకాలంలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి బయటి ఆట పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఆరు తర్వాత. ఆదివారం భద్రకాళి బండ్ మీదికో, పబ్లిక్ గార్డెన్‌కో కొడుకే తీసుకుపోతాడు. ఫోన్, టీవీ కలిపి గంట లోపే. రెండేళ్లలోపు పిల్లలకు అసలే వద్దు. రాత్రి టీవీ ఆగితే నిద్ర దానంతటదే ముందుకొచ్చింది. ఈ వయసుకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి.

ఇంట్లో పెద్దలందరిదీ ఒకే మాట కాకపోతే ఇవేవీ నిలవవు. నేను వద్దన్నది తాత జేబులోంచి తీసిస్తే పిల్లాడు తాతనే అడుగుతాడు. అందరం ఒక రాత్రి వాడు పడుకున్నాక కూర్చుని మాట్లాడుకున్నాం. వచ్చే చుట్టాలకు ముందే ఫోన్ చేసి "పండ్లు తేండి" అని చెబుతున్నాం. ఇంకో మాట. పిల్లాణ్ని "బొండం" అని ముద్దుగా పిలిచే మనుషులుంటారు, వాళ్లను అక్కడే ఆపండి. మావాడు ఒకరోజు అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకుని చూసుకున్నాడు, నాలుగేళ్లకు. ఆ రోజు నుంచి వాడి ముందు బరువు అనే మాటే ఎత్తలేదు. ఇంట్లో మార్పులు అందరికీ అని చెప్పాం, అందరం పాటించాం కూడా.

బరువుతో పాటు గురక వస్తున్నా, మెడ వెనుక చర్మం నల్లగా మందంగా అవుతున్నా, ఎత్తు పెరగడం ఆగినా ఇంటి మార్పులతో ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

పది నెలలైంది. గోడ మీద గీత ఐదున్నర సెంటీమీటర్లు పైకి జరిగింది. బరువు అర కిలో కూడా పెరగలేదు. ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. ఏటా సకినాలకు ఐదు కిలోల బియ్యం నానబోసి డబ్బాలు నింపేదాన్ని, ఫిబ్రవరి దాకా ఉండేవి. ఈసారి రెండు కిలోలే. సగం పక్కింటివాళ్లకు, చుట్టాలకు పంచి, మిగిలినవి పండుగ మూడు రోజులూ సాయంత్రం అందరం కలిసి కూర్చుని తినేటట్టు అనుకున్నాం. చేసేటప్పుడు బట్ట మీద పిండి చుట్టు తిప్పడానికి తనకూ చోటు కావాలని వాడు ఇప్పటి నుంచే అడుగుతున్నాడు.