ఇంటి దీర్ఘాయుష్షు లెక్క రాసుకోవడం ఎలా

"మా జేజి నూరేళ్లు బతికింది, మాదీ ఆ రక్తమే" అనే మాట కర్నూలు పల్లెల్లో తరచుగా వినబడుతుంది. అందులో నిజమెంతో తెలుసుకోవాలంటే లాలాజలాన్ని జన్యు పరీక్షకు పంపడానికి ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని, కనీసం మూడు తరాల వివరాలు రాయాలి. డబ్బు ఖర్చు లేని ఈ పని పెద్దవాళ్లు మాట్లాడగలిగినప్పుడే జరగాలి.

అన్నిటికన్నా ముందు వయసు తేల్చాలి. ఎక్కువ ఓపిక పట్టవలసింది ఇక్కడే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది గనుక, అంతకు ముందు పల్లెల్లో పుట్టిన చాలామందికి కాగితం ఉండదు. గుర్తింపు కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే అది అంచనాగా వేసినదేమోనని అనుమానించాలి. "నీకెన్నేళ్లు?" అని కాకుండా, పుట్టిన సంవత్సరం పేరేమిటో, పెండ్లి నాటికి, తొలి కాన్పు నాటికి ఊళ్లో ఏం జరిగిందో అడగండి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి పేరు ఒక్కటే చాలదు.

పత్తికొండ దగ్గరి పల్లెలో ఉండే మా నాయన మేనత్తను 2024లో ఇలాగే అడిగాను. కార్డు ప్రకారం ఆమె 1925 జనవరి 1న పుట్టింది. ఇంట్లో అందరూ వందకు చేరువైందనే అనుకుంటున్నారు. "ధాతలో పుట్టినానంట నాయనా, కర్నూలు రాజధాని అయినప్పుడు మా పెద్దోడు కడుపులో ఉండాడు" అన్నది. ధాత నామ సంవత్సరం 1876లో వచ్చింది, మళ్లీ 1936లో వచ్చింది. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినది 1953 అక్టోబరు 1న. అంటే ఆమె పుట్టినది 1936లో వచ్చిన ధాతలోనే, తొలి కాన్పు నాటికి పదిహేడేళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. నేను అడిగేనాటికి 87 లేదా 88. పదకొండేళ్లు తగ్గినందుకు ఇంట్లోవాళ్లు నొచ్చుకున్నారు గానీ, ఆ వయసులో జొన్నరొట్టె తన చేత్తోనే తట్టి పెనం మీద వేసుకోగలగడం నాకు వంద అనే అంకె కన్నా విలువైన సమాచారంగా తోచింది. ఫ్రాన్సులో 122 ఏళ్ల 164 రోజులు బతికి 1997లో మరణించిన జాన్ కాల్మాఁ వయసును ప్రపంచం అంగీకరించింది కూడా పుట్టుక నుంచి వరుసగా దొరికిన కాగితాల వల్లనే.

తరువాత మీరు వయసు తేల్చిన పెద్దల తోబుట్టువులందరినీ, చిన్నతనంలో పోయినవారితో సహా, రాయండి. బతికినవారిని మాత్రమే లెక్కపెడితే ప్రతి ఇల్లూ దీర్ఘాయుష్షు గల ఇల్లుగానే కనబడుతుంది. కాన్పులో, కలరాలో, పాముకాటుతో పోయినవారిని వేరే వరుసలో పెట్టండి. మేనరికాలున్న ఇంట్లో ఒకే జేజి తల్లివైపూ తండ్రివైపూ వస్తుంది. ఆమెను రెండుసార్లు లెక్కించకుండా ఒకే గుర్తుతో చూపాలి.

మూడవది, రోగం ఎప్పుడు మొదలైందో రాయడం: చక్కెర, రక్తపోటు, పక్షవాతం, మతిమరుపు, ఒకరి సాయం లేకుండా నడవలేకపోవడం, ఒక్కొక్కటి ఏ వయసులో వచ్చిందో. అమెరికాలోని బోస్టన్ కేంద్రంగా 1995 నుంచి శతాధికులను, అంటే నూరేళ్లు దాటినవారిని, పరిశీలిస్తున్న బృందం, పెద్ద రోగాలు ఎనభైకి ముందే వచ్చినా తట్టుకున్నవారు, ఎనభై దాటాక వచ్చినవారు, నూరేళ్ల దాకా రాకుండా తప్పించుకున్నవారు అని మూడు తెగలుగా చూసింది. మీ ఇంటి పెద్దలు ఏ తెగకు చెందుతారో చూసుకోండి.

ఇప్పుడు జన్యువుల మాట. 1870–1900 మధ్య పుట్టిన డెన్మార్కు కవలలపై చేసి, 1996లో ప్రచురించిన పరిశీలనలో ఆయుష్షులోని తేడాలలో సుమారు నాలుగో వంతు వంశపారంపర్యమని తేలింది. కోట్లాది మంది ఉన్న కుటుంబ వృక్షాలను చూసిన 2018 నాటి అధ్యయనం మాత్రం, తమవంటివారినే పెళ్లాడే అలవాటును లెక్కలోకి తీసుకుంటే అది పది శాతానికి లోపేనన్నది. అయితే నూరేళ్లకు చేరువయ్యేకొద్దీ జన్యువుల పాత్ర పెరుగుతుంది. శతాధికుల తోబుట్టువులకు ఆ వయసు చేరే అవకాశం మిగతావారికన్నా చాలా ఎక్కువని బోస్టన్ బృందమే చూపింది. పదేపదే రుజువైన జన్యువులు కొన్నే: ఏపీఓఈ, ఫాక్సో3. ఏపీఓఈలో ఈ4 రకం అల్జైమర్స్ అనే మతిమరుపు రోగపు ముప్పును పెంచుతుంది, ఈ2 రకం దీర్ఘాయుష్కులలో ఎక్కువగా కనబడుతుంది. ఈ4 ఉన్నంత మాత్రాన రోగం వచ్చి తీరుతుందనేది పొరపాటు. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వారిపై జరిగింది గనుక, మన వారికి "ఆయుష్షు మార్కులు" వేసే పరీక్షలను నేను కొనను.

పుస్తకం నిండాక డాక్టరుకు చూపించండి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లకు ముందు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65కు ముందు గుండెపోటు వచ్చి ఉంటే, మీరు కొలెస్ట్రాల్, రక్తపోటు పరీక్షలను చిన్న వయసులోనే మొదలుపెట్టాలి. జేజి తొంభై దాటిందన్న ధైర్యంతో వాయిదా వేయకూడదు. ఏటా ఉగాది నాడు పుస్తకం తీసి, ఆ ఏడు కొత్తగా వచ్చిన జబ్బులనూ, పోయినవారి తేదీలనూ కాగితం చూసి మరీ రాయండి.