విశాఖ స్టేషన్‌లో కదలని బండి: మైన్‌క్రాఫ్ట్ పట్టాల సమస్యలు, పరిష్కారాలు

హౌరా, చెన్నైల మధ్య నడిచే రైలు విశాఖపట్నం స్టేషన్‌కు వస్తే, ఇంజనును రెండో కొనకు మార్చుకొని, వచ్చిన దిక్కుకే బయలుదేరాలి. ఆ జాప్యం వద్దనుకున్న కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే సాగిపోతాయి. ఈ స్టేషన్‌ను, బ్లాకులు పేర్చి లోకాలు కట్టే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో కట్టేవారికి ఎదురయ్యే చిక్కుల్లో అధిక భాగం, బండి వెనుదిరగవలసిన ఆ చివరి పట్టా దగ్గరే పుడతాయి.

సమస్య: బటన్ నొక్కినా ప్లాట్‌ఫారం మీది బండి కదలదు.

ముందుగా బండి కింద ఉన్న పవర్డ్ రైలు (విద్యుత్తు అందితే బండిని నెట్టే పట్టా) ఎర్రగా వెలుగుతున్నదో లేదో చూడాలి. వెలగకపోతే బటన్ నుంచి విద్యుత్తు అందడం లేదని అర్థం. ఆటలో విద్యుత్తు తీగలా పనిచేసే రెడ్‌స్టోన్ పొడి గీత 15 బ్లాకులు దాటితే సంకేతం ఆగిపోతుంది కనుక మధ్యలో దాన్ని తిరిగి బలపరిచే రిపీటర్ పెట్టాలి. వెలుగుతున్నా బండి నిలిచే ఉంటే లోపం వెనుక గోడలో ఉంది. ఆగి ఉన్న బండిని పవర్డ్ రైలు ముందుకు నెట్టాలంటే పట్టా కొనకు ఆనుకొని నిండు ఘన బ్లాకు ఉండాలి. అందం కోసం అక్కడ గాజో, సగం పలకో పెట్టినవారికి ఈ కష్టం తప్పదు. రాతి బ్లాకు పెట్టి, బటన్‌ను దానికే అతికిస్తే వేరే తీగల పని కూడా ఉండదు.

సమస్య: వచ్చిన బండి ప్లాట్‌ఫారం దగ్గర ఆగకుండా గోడను తాకి వెనక్కి పోతుంది.

విద్యుత్తు లేని పవర్డ్ రైలు బ్రేకుగా పనిచేస్తుంది. అయితే విద్యుత్తు అందిన పవర్డ్ రైలు తనను ఆనుకొని వరుసగా ఉన్న మరో 8 పవర్డ్ రైళ్లకు దాన్ని పంచుతుంది కాబట్టి, స్టేషన్ బయట వేగం కోసం విద్యుత్తునిచ్చే రెడ్‌స్టోన్ టార్చ్ పెట్టిన పట్టాలు బ్రేకు పట్టాను తాకుతూ ఉంటే, అదీ వెలిగిపోయి బండిని తిప్పికొడుతుంది. రెంటి మధ్య ఒక్క మామూలు పట్టా వేస్తే చాలు. ఈ లోపాన్ని గుర్తించలేక స్టేషన్ మొత్తం కూల్చి మళ్లీ కట్టడం వృథా ప్రయాస.

సమస్య: అరకు వైపు ఎక్కుతూ బండి నీరసించి వెనక్కి జారుతుంది.

మనిషి కూర్చున్న బండికి సమతలంలో 38 బ్లాకులకు ఒక పవర్డ్ రైలు ఉంటే గరిష్ఠ వేగం, అంటే సెకనుకు 8 బ్లాకులు, నిలుస్తుంది. ఎత్తులో ఆ లెక్క చెల్లదు. ఖాళీ బండికైతే సమతలంలో సైతం చెల్లదు. ఘాట్ భాగంలో ఒకటి విడిచి ఒకటి పవర్డ్ రైలు వేయడమే క్షేమం. పవర్డ్ రైలు వంగదు కనుక మలుపును మామూలు పట్టాతోనే వేసి, ఎత్తును మలుపుకు ముందో వెనకో పెట్టుకోవాలి. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ మార్గంలోని 58 సొరంగాలనూ కట్టాలనే పట్టుదల ఉన్నవారు బంగారం ముందే సమకూర్చుకోవాలి. 6 బంగారు కడ్డీలకు 6 పవర్డ్ రైళ్లే వస్తాయి.

సమస్య: పంపిన ఖాళీ బండి గమ్యం చేరదు.

ఆటగాడు దూరంగా ఉంటే ఆ ప్రాంతపు చంకులు (ఆటలోని లోకం విడిపోయిన ముక్కలు) నిద్రపోతాయి, బండి అక్కడే నిలిచిపోతుంది. దానితో పాటు ప్రయాణించడమే సులువైన మార్గం. దారిలో జాంబీ ఎక్కి కూర్చున్నా బండి పోయినట్టే. 1.18 వెర్షన్ నుంచి శత్రుజీవులు బ్లాకు వెలుగు సున్నా ఉన్నచోటనే పుడుతున్నాయి కాబట్టి సొరంగం పొడవునా టార్చ్‌లు పెట్టి, ఆరుబయట పట్టాలకు ఇరువైపులా కంచె వేయాలి.