డైసీ పుస్తకాన్ని మామూలు ఎంపీత్రీ స్పీకర్‌లో వినాలంటే

మలక్‌పేటలో ఉండే మా కాకకి గ్లకోమాతో చూపు పోయింది కానీ పుస్తకాల పిచ్చి పోలేదు. చదవలేనివాళ్ళ కోసం ఉన్న ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయ నుంచి డైసీ (శీర్షికకి, పేజీకి దూకే వీలున్న ఫార్మాట్) ఆడియో పుస్తకాలు దింపి ఇస్తుంటా, ఫోన్‌లో యాప్ పెడదాం కాకా అంటే వినడు, టచ్ స్క్రీన్ మీద వేలెక్కడ పడుతుందో తెలీదని చిరాకు, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిన్న స్పీకర్ ఉంది, చేతికి తగిలే బటన్లున్నాయి, పెన్‌డ్రైవ్ గుచ్చితే మోగుద్ది, ఇంకేం వద్దంటాడు.

చాలామంది డైసీని ఎంపీత్రీగా మార్చే కన్వర్టర్ ఏది అని వెతుకుతారు, నేనూ రెండు రోజులు అదే చేశా. చాలాసార్లు కన్వర్ట్ చేసే పనే ఉండదు. దింపిన జిప్ ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ అనండి, లోపల ఎంపీత్రీలు మామూలుగానే ఉంటాయి. వాటితో పాటు కనిపించే ఎన్‌సీసీ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనేది విషయసూచిక, స్మిల్ ఫైళ్ళు ఏ శీర్షిక దగ్గర ఏ ఆడియో ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా మోగాలో చెప్పేవి. ఇది డైసీ 2.02 సంగతి, డైసీ 3 అయితే ఎన్‌సీసీ బదులు ఎన్‌సీఎక్స్, ఓపీఎఫ్ అని ఉంటాయి. అసలు ఎంపీత్రీలే లేకుండా ఎక్స్ఎమ్ఎల్ ఒక్కటే ఉందంటే మీరు టెక్స్ట్ పుస్తకం దింపారన్నమాట, దానికి ఆడియో ఉండదు, కంప్యూటర్ గొంతుతో చదివించుకోవాల్సిందే. కొన్ని విదేశీ లైబ్రరీల పుస్తకాలకి తాళం ఉంటుంది, వాళ్ళ ప్లేయర్‌లోనే తెరుచుకుంటాయి, వాటి జోలికి పోకండి.

అసలు తలనొప్పి వరుస. మొదటిసారి ఎంపీత్రీలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేశా, సాయంత్రం కాక ఫోన్, "ఏందిరా, మనిషి సచ్చిపోయినంక పెళ్ళిచూపులకు పోతుండు?" అని. ల్యాప్‌టాప్‌లో చూస్తే అంతా కరెక్టే, 1, 2, 3 అనే ఉంది. తర్వాత తెలిసిందేంటంటే విండోస్ అంకెలని అంకెల్లా చూస్తుంది, ఇలాంటి ప్లేయర్లు అక్షరాల్లా చూస్తాయి, అందుకే 1 తర్వాత 10, 11, 12 అన్నీ అయ్యాక 2 వస్తుంది. కాబట్టి పేర్లు 001, 002 అని మార్చాలి. మార్చే ముందు ఎన్‌సీసీ ఫైల్‌ని బ్రౌజర్‌లో తెరిచి శీర్షికల వరుస చూసుకోండి, ఫైళ్ళ పేర్లు ఆ వరుసలోనే ఉండాలని రూలేం లేదు, డౌట్ వస్తే ఆ స్మిల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఏ ఎంపీత్రీయో అందులో రాసి ఉంటుంది. పేర్లు మార్చాల్సింది కాపీలోనే, ఒరిజినల్ ఫోల్డర్‌లో మారిస్తే స్మిల్‌కి ఆ ఫైల్ దొరకదు, డైసీ ప్లేయర్‌లో పుస్తకం చెడిపోతుంది.

అయినా కుదరలేదు సుమా! కొన్ని చవక ప్లేయర్లు పేరు అసలు చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు మోగిస్తాయి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ కొట్టి (అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసి పెట్టుకోండి), పేరు వరుసలో పెట్టి, అన్నీ సెలెక్ట్ చేసి 001 ఫైల్‌నే పట్టుకుని లాగండి. మధ్యలో ఏదో ఫైల్ పట్టుకుని లాగితే దాంతో మొదలవ్వొచ్చు. ఓపిక లేకపోతే ఈ వరుసని సరిచేసే ఫ్యాట్‌సార్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

నిజంగా కన్వర్ట్ చేయాల్సొచ్చేది ఎప్పుడంటే, లోపల వేవ్ ఫైళ్ళుంటే. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అందులో తెరిచి ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చేయండి, మోనో, 64 కేబీపీఎస్ పెట్టండి. ఒక్క గొంతు చదివేదానికి స్టీరియో దండగ. ఈ లెక్కన గంటకి దాదాపు 29 ఎంబీ, పది గంటల పుస్తకం 290 ఎంబీలో అయిపోతుంది. ఉన్న ఎంపీత్రీలని మాత్రం మళ్ళీ మళ్ళీ ఎన్‌కోడ్ చేయకండి, ప్రతిసారీ గొంతు కాస్త పాడవుద్ది.

ఎక్కడ ఆపామో ఈ స్పీకర్లలో చాలావాటికి గుర్తుండదు. గంటన్నర అధ్యాయం మధ్యలో కరెంటు పోతే మొత్తం మొదట్నుంచి వినాలి. అందుకే పెద్ద ఫైళ్ళని ఎంపీత్రీ డైరెక్ట్‌కట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పది పదిహేను నిమిషాల ముక్కలు చేస్తా, అది మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండానే కోస్తుంది. ఇలా మామూలు స్పీకర్‌లో వింటే పేజీకి, శీర్షికకి దూకడం లాంటి డైసీ సౌకర్యాలు పోతాయి, పేజీ నంబర్లు చదివి ఉంటే అవీ ప్రతిసారీ వినిపిస్తాయి. కాక "నడమ లెక్కలేందిరా" అని విసుక్కుంటాడు గానీ అలవాటైపోయింది.

ఈ ఫైళ్ళు కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. చదవలేనివాళ్ళ కోసం కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో ఇచ్చిన వెసులుబాటు ఇది, సెక్షన్ 52(1)(జెడ్‌బీ) అని ఉంటుంది, చూపున్నవాళ్ళు ఫ్రీగా వినడానికి కాదు. పెన్‌డ్రైవ్ పీకే ముందు ఎజెక్ట్ కొట్టండి, కొట్టకుండా పీకి చివరి మూడు అధ్యాయాలు పోగొట్టి కాకతో తిట్లు తిన్నా.