పోకెమాన్ పోటీ టీమ్ తయారీ – 3వ పాఠం: 510 పాయింట్లను లెక్కగా ఖర్చు పెట్టడం

ముందు గత పాఠం అభ్యాసానికి జవాబు. ట్రిక్ రూమ్‌లో అమూంగస్, టోర్కోల్‌లలో ఏది ముందు కదులుతుందో స్పీడ్ లెక్కతో చెప్పాలన్నది ప్రశ్న. అమూంగస్ బేస్ స్పీడ్ (ఆ జాతికి ఉన్న స్థిరమైన అంకె) 30. స్పీడ్ ఐవీ (పుట్టుకతో వచ్చే 0–31 అంకె) 0, ఈవీ (శిక్షణతో చేర్చే పాయింట్లు) 0, స్పీడ్ తగ్గించే నేచర్ (స్వభావం) అయితే 50వ లెవెల్లో దాని స్పీడ్ 31. అదే పద్ధతిలో టోర్కోల్ 22 దగ్గర ఆగుతుంది. ట్రిక్ రూమ్‌లో నెమ్మదిగా ఉన్నదే ముందు కదులుతుంది కాబట్టి టోర్కోల్ మంట కురిపించాకే అమూంగస్ వంతు. 35 అని రాసినవాళ్లు నేచర్ కోత వేయడం మరిచిపోయారు. 50 అని రాసినవాళ్లు ఆ కోత మరవడమే కాక ఐవీని కూడా 31గానే ఉంచేశారు.

ఈ పాఠం ఈవీల మీద. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో డబుల్స్ పోటీకి వెళ్లే టీమ్ గురించే మాట్లాడుకుంటున్నాం. అంటే ఆరు పోకెమాన్‌లు చూపించి నాలుగింటిని దించడం, అన్నీ 50వ లెవెల్లో ఆడడం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది: దాడికి 252, స్పీడ్‌కి 252, మిగిలిన నాలుగూ హెచ్‌పీలో (ప్రాణబలంలో). అది తప్పని కాదు, చాలా సందర్భాల్లో సరిపోతుంది కూడా. కానీ ఎందుకు పెట్టారని అడిగితే చెప్పడానికి మన దగ్గర మాట ఉండాలి. స్పీడ్‌లో పెట్టిన ప్రతి పాయింటు ఎవరిని దాటడానికో, హెచ్‌పీలో పెట్టిన ప్రతి పాయింటు ఏ దెబ్బ ఓర్చుకోవడానికో తెలియాలి. ఈ పాఠమంతా దాని కోసమే.

లెక్క

50వ లెవెల్లో హెచ్‌పీ కాక మిగతా ఐదు స్టాట్‌లకి (అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్) సూత్రం ఇది:

(బేస్ × 2 + ఐవీ + ఈవీ ÷ 4) ÷ 2 + 5

ప్రతి భాగహారంలోనూ మిగిలిన భిన్నాన్ని వదిలేయాలి. నేచర్ పెంచేదైతే వచ్చినదాన్ని 1.1తో, తగ్గించేదైతే 0.9తో గుణించి మళ్లీ భిన్నం కొట్టేయాలి. హెచ్‌పీకి చివర 5 బదులు 60 కలపాలి, దానికి నేచర్‌తో సంబంధం లేదు.

ఇందులోంచి రెండు సంగతులు పుడతాయి. మొదటిది, ఐవీ 31 ఉన్నప్పుడు తొలి పాయింటు 4 ఈవీలకే వస్తుంది, ఆ తర్వాత ఒక్కో పాయింటుకి 8 కావాలి. కాబట్టి పనికొచ్చే అంకెలు 4, 12, 20, 28... ఇలా 252 దాకా. ఏ స్టాట్‌లోనైనా 10 పెట్టారంటే అందులో 6 వృథా. ఒక స్టాట్‌కి 252, మొత్తానికి 510 పరిమితి. 510లో నిజంగా పనికొచ్చేది 508, చివరి రెండూ ఎక్కడ పెట్టినా ఏమీ చేయవు.

రెండోది చాలామంది చూడనిది. నేచర్ పెంచే స్టాట్‌లో, నేచర్‌కి ముందున్న అంకె పది గుణిజాన్ని (140, 150 లాంటివి) తాకినప్పుడు ఒక్క మెట్టుకి రెండు పాయింట్లు వస్తాయి. 149ని 1.1తో గుణిస్తే 163. 150ని గుణిస్తే 165. ఎనిమిది ఈవీలకి రెండు పాయింట్లన్నమాట. ఇలాంటి మెట్టు దగ్గర ఆగడం లాభం, దాన్ని దాటి ఒకటి రెండు మెట్లు ఊరికే పైకి పోవడం నష్టం.

గార్‌చాంప్‌తో చేసి చూద్దాం

గార్‌చాంప్ బేస్ స్పీడ్ 102. స్పీడ్ పెంచే జాలీ నేచర్, 252 ఈవీలు పెడితే: 204 + 31 + 63 = 298, సగం 149, ఐదు కలిపితే 154, నేచర్‌తో 169.

ఇప్పుడు అసలు ప్రశ్న. 169 ఎవరి కోసం? ఊర్షిఫు బేస్ స్పీడ్ 97, అది పూర్తిగా (252 ఈవీలు, స్పీడ్ పెంచే నేచర్‌తో) పెంచుకుంటే 163. దాన్ని దాటడమే మీ గురి అయితే 164 చాలు. అయితే జాలీలో 164 అనే అంకే రాదు, 163 నుంచి నేరుగా 165కి దూకుతుంది. ఆ 165 ఎన్ని ఈవీలకి వస్తుంది? ఈవీ ఏమీ లేకపోతే నేచర్‌కి ముందు 122. 150 కావాలంటే 28 పాయింట్లు, అంటే 28 × 8 – 4 = 220. సరిగ్గా 220 దగ్గర ఆగితే 165. 212 దగ్గర ఆగితే 163, అప్పుడు ఊర్షిఫుతో సమానం, ఎవరు ముందన్నది ఆటే చీటీ తీస్తుంది.

అలా 32 ఈవీలు మిగిలాయి. వాటిని ఆ చివరి నాలుగుతో కలిపి హెచ్‌పీలో 36గా పెడితే హెచ్‌పీ 184 కాదు, 188 అవుతుంది.

దీనికి ధర కూడా ఉంది, అది దాచకూడదు. 165కీ 169కీ మధ్య ఖాళీ లేదు. బేస్ 100 ఉన్నవి పూర్తిగా పెంచుకుంటే 167కి చేరతాయి, లాండోరస్ 168కి. ఎదుటి గార్‌చాంప్ 169. ఈ ముగ్గురి ముందూ మీరు తగ్గుతారు. ఆ సీజన్ నిబంధనల్లో లాండోరస్‌కి అనుమతి ఉండి, ఎక్కువ టీమ్‌లలో కనిపిస్తుంటే 252 పెట్టడమే మేలు. అనుమతే లేకపోతే నాలుగు హెచ్‌పీ తీసుకోండి. ఒక సీజన్‌లో సరిపోయిన పంపకం ఇంకో సీజన్‌లో ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. పాత టీమ్ తీసుకుని కొత్త నిబంధనలకి వెళ్లేటప్పుడు ముందు స్పీడ్ వరుస మళ్లీ రాసుకోండి.

దీన్ని ఆటలో చేయడం

విటమిన్లు చాన్సీ సప్లై దుకాణంలో ఒక్కోటి 10,000. హెచ్‌పీ అప్ హెచ్‌పీకి, ప్రోటీన్ అటాక్‌కి, ఐరన్ డిఫెన్స్‌కి, కాల్షియం స్పెషల్ అటాక్‌కి, జింక్ స్పెషల్ డిఫెన్స్‌కి, కార్బోస్ స్పీడ్‌కి. ఒక్కోటి 10 ఈవీలిస్తుంది. పాత ఆటల్లో విటమిన్లతో 100 దాటి పెంచడం కుదిరేది కాదు, ఇక్కడ ఆ అడ్డు లేదు. 25 తినిపిస్తే 250, 26వది మిగిలిన రెండూ ఇచ్చి 252 దగ్గర ఆగుతుంది.

పై గార్‌చాంప్‌కి వరుస ఇది: ముందు 26 ప్రోటీన్లు, తర్వాత 22 కార్బోస్, చివరగా 4 హెచ్‌పీ అప్. చివరి హెచ్‌పీ అప్ మొత్తం పరిమితి దగ్గర ఆగిపోయి 10 బదులు 8 మాత్రమే ఇస్తుంది. హెచ్‌పీలో 38 చేరుతుంది, మనకి కావలసిన 36 అందులోనే ఉంది. ఈ వరుస తిరగేసి హెచ్‌పీ అప్‌లు ముందు పెట్టారనుకోండి: హెచ్‌పీలో 40, స్పీడ్‌లో 220, అటాక్‌కి మిగిలేది 250. ఆ రెండు లోటుతో అటాక్ 182 కావలసింది 181 అవుతుంది. మందులు అవే, డబ్బూ అంతే, వరుస మారినందుకు ఒక పాయింటు పోయింది. 252 పెట్టే స్టాట్‌లు ఎప్పుడూ ముందు, చిల్లర స్టాట్ చివర.

52 విటమిన్లంటే 5,20,000. ఆటలో మొదటి కథ ముగించినవాళ్లకి అది పెద్ద మొత్తమే. అకాడమీ ఏస్ టోర్నమెంట్‌ని, గెలుపు డబ్బు పెంచే అమ్యులెట్ కాయిన్ పట్టించి ఆడుతూ పోతే చేరుతుంది. అంత డబ్బు ఖర్చు పెట్టకూడదనుకుంటే యుద్ధాల దారి ఉంది. డెలిబర్డ్ ప్రెజెంట్స్ దుకాణంలో పవర్ యాంక్లెట్ 10,000కి కొని పట్టించండి. ఫ్లెచ్‌లింగ్‌ని ఓడిస్తే మామూలుగా స్పీడ్‌కి 1, యాంక్లెట్‌తో 9 వస్తాయి. 28 ఫ్లెచ్‌లింగ్‌లతో 252. మనకి 220 కావాలి కాబట్టి యాంక్లెట్‌తో 24 (అంటే 216), అది తీసేసి ఇంకో 4. హెచ్‌పీకి పవర్ వెయిట్ పట్టించి లెచాంక్‌లు, డిఫెన్స్‌కి పవర్ బెల్ట్‌తో టరౌంటులాలు. లెక్క కాగితం మీద గీతలు పెట్టుకోండి. మనసులో లెక్కపెడితే పదిహేను దాటాక కచ్చితంగా తప్పుతుంది.

ఇక్కడే పెద్ద గోతి ఉంది. టీమ్‌లో ఉన్న పోకెమాన్‌లన్నిటికీ, దిగినా దిగకపోయినా, యుద్ధంలో వచ్చే ఈవీలు పూర్తిగా అందుతాయి. కథ మొత్తం మీతో తిరిగిన పోకెమాన్ లోపల ఏవేవో ఈవీలతో నిండిపోయి ఉంటుంది. దానికి విటమిన్ ఇవ్వబోతే పనిచేయదనే మాట వస్తుంది, లేదా సగంలో ఆగిపోతుంది. మొదలుపెట్టే ముందు దాని వివరాల పేజీ తెరిచి ఎల్ నొక్కండి. ఈవీల గ్రాఫ్ వస్తుంది. 252 నిండిన స్టాట్ దగ్గర మెరుపు కనిపిస్తుంది. కడగాలంటే ఒక్కో స్టాట్‌కి ఒక్కో పండు ఉంది: పోమెగ్ హెచ్‌పీకి, కెల్ప్సీ అటాక్‌కి, క్వాలాట్ డిఫెన్స్‌కి, హాన్‌డ్యూ స్పెషల్ అటాక్‌కి, గ్రెపా స్పెషల్ డిఫెన్స్‌కి, టమాటో స్పీడ్‌కి. పండుకి 10 తగ్గుతాయి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన టీల్ మాస్క్ అదనపు భాగం ఉన్నవాళ్లకి ఫ్రెష్‌స్టార్ట్ మోచీ ఒక్కటి చాలు, అన్నిటినీ సున్నాకి తెస్తుంది. రైలు పెట్టెలా నిండిన టీమ్‌తో ఈవీ యుద్ధాలకి పోకండి, తయారైనవాటిని బాక్స్‌లో పెట్టి వెళ్లండి.

ఇంత శ్రమెందుకు, తయారుచేసినవి ఎవరి దగ్గరైనా తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. 2023 యొకొహామా ప్రపంచ పోటీల్లో హ్యాక్ చేసిన పోకెమాన్‌లు బయటపడి పలువురు ఆటగాళ్లు అనర్హులయ్యారు. ఎక్కడ పుట్టిందో తెలియని పోకెమాన్‌ని పోటీకి తీసుకెళ్లొద్దు.

ఇన్సినెరోర్: ఓర్పు లెక్క

వేగంగా కొట్టేవాటికంటే దెబ్బలు తినేవాటి పంపకం కష్టం, అందుకే ఆసక్తికరం. ఇన్సినెరోర్ బేస్ హెచ్‌పీ 95, డిఫెన్స్ రెండూ 90. ఈవీలు లేకుండా హెచ్‌పీ 170, డిఫెన్స్‌లు 110.

252 హెచ్‌పీలో పెడితే 202. అంటే రెండు రకాల దెబ్బల మీదా దాదాపు 19 శాతం ఓర్పు పెరిగింది. అదే 252 డిఫెన్స్‌లో పెడితే 142, ఓర్పు 29 శాతం పెరిగినట్టే, కానీ ఒక్క ఫిజికల్ (అటాక్‌తో కొట్టే) దెబ్బల వైపే. రెండు వైపులా కాచుకోవాల్సిన దానికి హెచ్‌పీయే ముందు. పైగా 202 సరి సంఖ్య. సూపర్ ఫ్యాంగ్ సరిగ్గా సగం కొరికితే 101 మిగులుతుంది, సగానికి దిగగానే హెచ్‌పీ నింపే సిట్రస్ బెర్రీ వెంటనే పనిచేస్తుంది. హెచ్‌పీ బేసి అయితే సగానికి అర పాయింటు పైన నిలబడిపోయి బెర్రీ తినదు.

మిగిలిన 256 ఎటు? ఇన్సినెరోర్ దిగగానే ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్ల అటాక్ తగ్గుతుంది. ఫిజికల్ వైపు సగం పని అలా అయిపోయింది. కాబట్టి స్పెషల్ డిఫెన్స్ వైపు మొగ్గాలి, నేచర్ దాన్ని పెంచే కేర్‌ఫుల్. 148 ఈవీల దగ్గర నేచర్‌కి ముందు 129, నేచర్‌తో 141. 156 దగ్గర 130, నేచర్‌తో 143. ఆ పదో మెట్టు ఇక్కడ మళ్లీ వచ్చింది. 156 దగ్గర ఆగుదాం. డిఫెన్స్‌కి 92 ఇస్తే 122. మిగిలిన 8లో నాలుగు స్పీడ్‌కి, నాలుగు అటాక్‌కి.

స్పీడ్‌కి ఆ నాలుగు ఎందుకంటే, ఈవీ లేని ఇన్సినెరోర్ స్పీడ్ 80. మీది 81 అయితే ఎదుటి ఇన్సినెరోర్ కంటే మీ ఫేక్ ఔట్ (ఎదుటివాణ్ణి ఆ వంతుకి ఆపేసే దెబ్బ) ముందు పడుతుంది. ఎదుటివాళ్లూ ఇదే ఆలోచించి 12 పెట్టి 82 చేస్తారు, అదో అంతులేని మెట్లవరుస. పార్టింగ్ షాట్ (ఎదుటివాణ్ణి బలహీనపరచి తాను వెనక్కి వెళ్లే ఎత్తు) చివర్లో వేసి తోటివాణ్ణి దెబ్బ తగలకుండా దించాలన్నది మీ ఎత్తుగడ అయితే దీనికి పూర్తిగా తిరగేసి ఆలోచించాలి: ఐవీ 0, స్పీడ్ తగ్గించే నేచర్‌తో 58 దాకా దిగవచ్చు. మధ్యలో నిలబడడం మాత్రం వద్దు.

ఇక్కడ అంకెలు పదుల్లో లేవు. 156కి 15 జింక్, 6 క్లెవర్ ఫెదర్లు. 92కి 9 ఐరన్, 2 రెసిస్ట్ ఫెదర్లు. స్పీడ్‌కి 4 స్విఫ్ట్, అటాక్‌కి 4 మజిల్ ఫెదర్లు. ఫెదర్ ఒక్కోటి ఒక్క ఈవీ ఇస్తుంది.

నేచర్, ఐవీ

నేచర్ సరిపోకపోతే మింట్ వాడండి, చాన్సీ సప్లైలో 20,000. తినిపించాక కూడా పేజీలో నేచర్ పేరు పాతదే కనిపిస్తుంది, ప్రభావం మాత్రం మారుతుంది. కంగారుపడి రెండోది కొనకండి. గుడ్ల ద్వారా పిల్లకి వెళ్లేది కూడా పాత నేచరే.

ఐవీలకి మాంటెనెవెరా ఊళ్లో హైపర్ ట్రెయినింగ్ ఉంది, పోకెమాన్ కనీసం 50వ లెవెల్‌కి చేరి ఉండాలి. బాటిల్ క్యాప్ ఒక స్టాట్‌ని, గోల్డ్ బాటిల్ క్యాప్ అన్నిటినీ 31తో సమానం చేస్తాయి. ఈవీ ఏమీ పెట్టని స్టాట్‌లో ఐవీ 30కీ 31కీ తేడా లేదు, సూత్రంలో వేసి చూడండి. అక్కడ క్యాప్ ఖర్చు పెట్టొద్దు. స్పెషల్ దాడులే చేసే పోకెమాన్‌కి గోల్డ్ క్యాప్ వాడొద్దు, దాని అటాక్ ఐవీ తక్కువగా ఉంటే మంచిది. ఫౌల్ ప్లే అనే ఎదుటివాళ్ల దెబ్బ మీ అటాక్‌తోనే మిమ్మల్ని కొడుతుంది. ట్రిక్ రూమ్ పోకెమాన్‌కి కూడా అంతే, స్పీడ్‌ని తాకొద్దు. హైపర్ ట్రెయినింగ్‌ని వెనక్కి తీసుకునే దారి ఆటలో లేదు.

ఈసారి అభ్యాసం

ఫ్లటర్ మేన్ స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్‌తో పూర్తిగా పెంచితే స్పీడ్ 205. మీ వైపు టెయిల్‌విండ్ ఉంటే స్పీడ్ రెట్టింపవుతుంది. ఈవీ ఏమీ లేని రిల్లాబూమ్ 105 టెయిల్‌విండ్‌లో 210 అయి దాన్ని దాటేస్తుంది. ఇన్సినెరోర్ కూడా దాటాలంటే, స్పీడ్‌ని మార్చని నేచర్‌తో ఎన్ని ఈవీలు కావాలి? అన్ని ఈవీలు స్పీడ్‌కి పోతే పై పంపకంలో ఎక్కడ కోస్తారు? మొదటిదానికి జవాబు ఒక్కటే. రెండోదానికి మీ టీమ్‌ని బట్టి మారుతుంది, కారణంతో సహా రాసుకోండి. నాలుగో పాఠంలో టెరా టైపులు (యుద్ధంలో పోకెమాన్ మారే రకాలు), మెదాలీ ఊళ్లో 50 షార్డులతో వాటిని మార్చడం చూసేటప్పుడు ఈ ఇన్సినెరోర్‌నే మళ్లీ ముందు పెట్టుకుంటాం.