రెండు లైన్ల ప్యాచ్‌ను ఎలా రివ్యూ చేయాలి

ప్రోగ్రామ్ కోడ్‌లో చేయమని ఎవరో పంపిన చిన్న మార్పు, అంటే ప్యాచ్, వస్తే చాలామంది స్క్రీన్ మీదే చదివేసి అప్రూవ్ కొట్టేస్తారు. నేనూ ఒకసారి అలాగే చేశాను. నల్గొండలో మా ఇంట్లోంచే రాత్రిపూట ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు రివ్యూలు చేస్తుంటాను. ఊరి పేరు టైప్ చేసే చోట కంటికి కనపడని క్యారెక్టర్లన్నీ తీసేసే ప్యాచ్ ఒకటి వచ్చింది. ఒకే లైను, కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టులన్నీ పాస్. అసలు కోడ్‌లో కలిశాక (మెర్జ్ అయ్యాక) చూస్తే మహబూబ్‌నగర్ కాస్తా మహబూబ్నగర్ అయింది, నాగర్‌కర్నూల్ నాగర్కర్నూల్ అయింది. పొల్లు పక్కనున్న హల్లు వత్తుగా దిగకుండా ఆపేది ఆ కనపడని క్యారెక్టరే, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. టెస్టుల్లో అన్నీ ఇంగ్లిష్ పేర్లే, ఇక ఫెయిల్ అయ్యేదేముంది?

అందుకే ముందు ప్యాచ్ పెట్టకండి. పాత కోడ్ నడిపి, వాళ్లు చెప్పిన బగ్ మీ మెషీన్‌లో వస్తుందో లేదో చూడండి. రాకపోతే ఎలా వస్తుందో అడగండి. వచ్చిందంటే ప్యాచ్ పెట్టి మళ్లీ నడపండి. ప్యాచ్‌తో పాటు టెస్ట్ కూడా పంపితే, కోడ్ మార్పును మాత్రం వెనక్కి తీసి ఆ టెస్ట్ నడపండి, అది కచ్చితంగా ఫెయిల్ కావాలి. అప్పుడూ పాసయిందంటే ఆ టెస్ట్ ఆ బగ్‌ను చూడటమే లేదు. ఐదు నిమిషాల పని, దీన్ని మాత్రం వదలొద్దు.

తీసేసిన లైన్లను కలిపిన లైన్లకంటే ఎక్కువ అనుమానంగా చూడండి. కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. ఆ లైను ఎందుకు పెట్టారో, ఏ లైను ఏ మార్పులో వచ్చిందో చూపించే గిట్ బ్లేమ్‌తో పాత కమిట్ మెసేజ్ (ఆ మార్పుతో పాటు రాసిన వివరణ) దాకా వెళ్లి చదవండి. ఫంక్షన్ మారితే దాన్ని కోడ్‌లో ఇంకెక్కడ పిలుస్తున్నారో, కోడంతా వెతికే గిట్ గ్రెప్ చెబుతుంది. ఖాళీలూ ఇండెంటేషనూ సరిచేసి, అందులోనే అసలు మార్పు కూడా కలిపేస్తే, ఖాళీల తేడాలు వదిలేసి మిగతా మార్పులే చూపించే గిట్ డిఫ్ మైనస్ డబ్ల్యూ వాడండి, లేదా రెండు ప్యాచులుగా విడదీయమనండి. ఒక్క లైనే కదా అనుకోకండి: 2014లో యాపిల్ వారి, ఇంటర్నెట్ కనెక్షన్‌ను భద్రంగా ఉంచే ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో బయటపడిన లోపానికి కారణం రెండుసార్లు పడిన ఒక్క గోటూ ఫెయిల్ లైనే.

తెలుగు పేర్లతో తప్పకుండా చూడండి. నల్గొండ కంటికి మూడు అక్షరాలే, కానీ అక్షరాలకూ గుర్తులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 7 కోడ్ పాయింట్లు (అంటే 7 నంబర్లు), వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 21 బైట్లు. ఎవరైనా 20 బైట్లకు కత్తిరిస్తే చివరి డ విరిగిపోతుంది.

ఇక కామెంట్లు. మొదటి ప్యాచ్ పంపిన డిగ్రీ కుర్రాడు గంటకోసారి పేజీ తెరిచి చూసుకుంటూ ఉంటాడు, ఆ టెన్షన్ నాకు తెలుసు. 'ఇది తప్పు' అని రాయకండి, 'ఇక్కడ ఖాళీ స్ట్రింగ్ వస్తే ఏమవుతుంది?' అని అడగండి. తప్పకుండా మార్చాల్సినవి ఏవో, మీ ఇష్టం కొద్దీ చెప్పేవి ఏవో విడిగా రాయండి. రోజుకొక అభ్యంతరం చొప్పున కాదు, అన్నీ ఒకేసారి చెప్పండి. ఈరోజు తీరిక లేకపోతే ఆదివారం చూస్తానని ఒక్క ముక్క రాయండి, ఆదివారం నిజంగానే చూడండి.

అప్రూవ్ చేసేటప్పుడు ఏం చూశారో కూడా రాయండి: పాత కోడ్‌లో బగ్ వచ్చింది, ప్యాచ్‌తో పోయింది, మహబూబ్‌నగర్ టైప్ చేసి కూడా చూశాను, అని.